మూడు నెలల గర్భనిరోధక సూదిమందు: విశ్వసనీయత, దుష్ప్రభావాలు

కాన్పుకు, కాన్పుకు మధ్య ఎడం పాటించదలచిన దంపతులకు ప్రభుత్వ ఆరోగ్య సంస్థలలో ఉచితంగా లభించే సాధనాలలో మూడు నెలలకొకసారి తీసుకునే గర్భనిరోధక సూదిమందు ఒకటి. కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ మంత్రిత్వ శాఖ 2017వ సంవత్సరంలో దీనిని 'అంతర' అనే పేరుతో జాతీయ కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో చేర్చిన విషయం విదితమే. ఈ మందును గురించి పాత్రికేయ మిత్రుల నుంచి, క్షేత్రస్థాయి అధికారుల నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు రెండు. దీనిని ఎంతవరకు నమ్మవచ్చును? ఇది స్త్రీ శరీరంపై ఎటువంటి ప్రభావం చూపుతుంది? ఈ రెండు ప్రశ్నలకు వైద్యశాస్త్రం వద్ద చాలావరకు స్పష్టమైన సమాధానాలు ఉన్నాయి. అయితే అవి సూది వేయించుకునే మహిళకు మొదటి రోజే చేరుతున్నాయా అన్నదానిపైనే ఈ పద్ధతి జయాపజయాలు ఆధారపడి ఉన్నాయి. వార్తలు, నివేదికలు రాసేవారికి ఉపకరించే విధంగా ఆ వివరాలను ఇక్కడ పొందుపరచడమైనది.

మందు స్వభావం

ఈ ఇంజక్షనులో ఉండే మందు పేరు డిపో మెడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ ఎసిటేట్. వైద్య పరిభాషలో సంక్షిప్తంగా డి.ఎం.పి.ఎ. అంటారు. స్త్రీ శరీరంలో సహజంగా ఉత్పత్తి అయ్యే ప్రొజెస్టిరాన్ అనే హార్మోనుకు ఇది దగ్గరి పోలిక గల కృత్రిమ రూపం. మోతాదు 150 మిల్లీగ్రాములు. జబ్బ కండరానికో, పిరుదుకో ఇస్తారు. మందు కండరంలో నిలువ ఉండి కొద్దికొద్దిగా రక్తంలో కలుస్తుంది. దాని ప్రభావంతో నెలనెలా అండం విడుదల కావడం ఆగిపోతుంది. గర్భాశయ ముఖద్వారం వద్దనున్న జిగురు చిక్కబడి వీర్యకణాలను లోనికి పోనీయదు. గర్భాశయపు లోపలి పొర పలచబడుతుంది. అండం విడుదలను ఆపడమే ప్రధానమైన పని; తక్కినవి దానికి తోడు.

చర్మం కింద ఇచ్చే 104 మిల్లీగ్రాముల రూపం కూడా ఉన్నది. చిన్న సూదితో ముందుగానే నింపి ఉంచిన సాధనంలో అది లభిస్తుంది. శిక్షణ పొందిన మహిళ తనకు తానే వేసుకోవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంగీకరించింది. నోరెథిస్టిరాన్ ఎనాంథేట్ అనే మరొక సూదిమందు రెండు నెలలకొకసారి 200 మిల్లీగ్రాముల మోతాదులో ఇచ్చేది. మన ప్రాంతపు చరిత్రలో దానికి ప్రత్యేక స్థానమున్నది. ఆ సంగతి ముందు వస్తుంది.

ఈ మందులో ఈస్ట్రోజెన్ హార్మోను లేదు. అందువల్ల నోటి మాత్రలు పడని పలువురికి ఇది సరిపోతుంది. పాలిచ్చే తల్లులు కాన్పైన ఆరు వారాల తర్వాత తీసుకోవచ్చును. బిడ్డ పాలకు లోటు రాదు. క్షయవ్యాధికి రిఫాంపిసిన్ వాడుతున్న మహిళలలో సాధారణ గర్భనిరోధక మాత్రల శక్తి తగ్గిపోతుంది. ఈ సూదిమందుకు ఆ ఇబ్బంది లేదు. మూర్ఛవ్యాధికి వాడే పలు మందుల విషయంలోనూ ఇంతే. క్షేత్రస్థాయిలో ఈ సంగతి తగినంత ప్రచారం పొందలేదనే చెప్పాలి.

విశ్వసనీయత: రెండు అంకెలు

పత్రికలలో ఈ మందు విశ్వసనీయతను గురించి రెండు భిన్నమైన అంకెలు కనిపిస్తాయి. ఒకచోట 99 శాతానికి పైగా అని, మరొకచోట 96 శాతం అని రాస్తారు. రెండూ సరైనవే. ప్రతి సూదినీ గడువులో తప్పక వేయించుకున్న పక్షంలో సంవత్సర కాలంలో వెయ్యి మంది మహిళలలో ఇద్దరికి మాత్రమే గర్భం వస్తుంది. నిత్యజీవితంలో, అంటే కొందరు ఆలస్యంగా వచ్చి, కొందరు మధ్యలో మరచిపోయే పరిస్థితులలో, నూటికి నలుగురికి గర్భం వస్తుంది. పోలిక కోసం చూస్తే, ఇదే నిత్యజీవిత లెక్కలో నోటి మాత్రలకు నూటికి ఏడుగురు, నిరోధ్‌కు 13 మంది. కాపర్-టి వేయించుకున్నవారిలోనూ, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించుకున్నవారిలోనూ నూటికి ఒకరికన్న తక్కువ.

వెయ్యికి ఇద్దరు, వెయ్యికి నలభై మంది! ఒకే సీసాలోని ఒకే మందుకు ఇరవై రెట్ల తేడా ఎక్కడి నుంచి వచ్చింది? మందులో లోపం వల్ల రాలేదు. తదుపరి సూది తేదీ నుంచి వచ్చింది. కాపర్-టి వేసిన తర్వాత, శస్త్రచికిత్స జరిగిన తర్వాత మహిళ గుర్తు పెట్టుకోవలసినది పెద్దగా ఉండదు. సూదిమందు విషయంలో సంవత్సరానికి నాలుగుసార్లు ఆమె ఆరోగ్య కేంద్రానికి రావాలి, ఆ రోజు అక్కడ మందు ఉండాలి, వేసేవారు ఉండాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా ఆ గర్భం ఆమె నిర్లక్ష్యం ఖాతాలోనే పడుతున్నది. మందు నిల్వ లేక తిరిగి పంపిన సందర్భాన్ని 'ఆలస్యంగా వచ్చిన లబ్ధిదారు'గా నమోదు చేయడం న్యాయం కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

తేదీ విషయంలో కొంత సడలింపు ఉన్నది. నిర్ణీత తేదీకి రెండు వారాల ముందు నుంచి నాలుగు వారాల తర్వాత వరకు, వేరే జాగ్రత్త ఏదీ అవసరం లేకుండానే, తదుపరి సూది వేయవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన జాతీయ కార్యక్రమంలోనూ ఇదే నియమం అమలులో ఉన్నది. పది రోజులు ఆలస్యమైందని మహిళను వెనుకకు పంపడం పొరపాటు. నాలుగు వారాలు దాటినచో గర్భం లేదని నిర్ధారించుకొని సూది వేసి, ఏడు రోజులపాటు నిరోధ్ వంటి అదనపు సాధనం వాడవలసిందిగా చెప్పాలి.

ఈ సడలింపు ఎందుకంత ముఖ్యమో మన పల్లెల సంగతి తెలిసినవారికి వేరుగా చెప్పనవసరం లేదు. పుట్టింటికి వెళ్ళిన కోడలు పండుగ ముగిసి తిరిగి వచ్చేసరికి తేదీ దాటిపోతుంది. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి పనులకు వలస వెళ్ళే కుటుంబాలలో మహిళ మొదటి సూది ఒక ఊరిలో, రెండవది మరొక రాష్ట్రంలో వేయించుకోవలసి వస్తుంది. మొదటి రోజు ఇచ్చే కార్డుపై సూది వేసిన తేదీ, తిరిగి రావలసిన తేదీ రాసి ఉంటాయి. ఆ కార్డు ఆమె వెంట ఉంటే ఏ ఊరి ఆరోగ్య కేంద్రమైనా మందును కొనసాగించగలదు. కార్డును కేంద్రంలోనే అట్టిపెట్టుకొనే అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. అది మానుకోదగినది.

మొదటి సూది విషయానికి వస్తే, బహిష్టు మొదలైన ఏడు రోజులలోపు వేస్తే వెంటనే రక్షణ లభిస్తుంది. ఆ తర్వాతనైనా, గర్భం లేదని నిర్ధారణ అయితే ఏ రోజైనా వేయవచ్చును. అప్పుడు ఏడు రోజులు అదనపు జాగ్రత్త అవసరం. గర్భస్రావమైన ఏడు రోజులలోపు కూడా వేయవచ్చును. సూది వేసినచోట రుద్దరాదు, కాపడం పెట్టరాదు. రుద్దితే మందు త్వరగా రక్తంలో కలిసిపోయి గడువుకు ముందే శక్తి తగ్గే అవకాశమున్నది. సూది వేసిన చోట రుద్దడం మనకు చిన్ననాటి నుంచీ ఉన్న అలవాటు. కనుక ఈ ఒక్కమాట ప్రతిసారీ చెప్పడం మంచిది.

ఎక్కువమందిని బాధించే దుష్ప్రభావం

ఈ సూదిమందు తీసుకున్న ప్రతి మహిళలోనూ దాదాపుగా కనిపించే మార్పు బహిష్టు క్రమం తప్పడం. తొలి మాసాలలో వేళకాని వేళ రక్తపు మరకలు కనిపిస్తాయి. కొందరికి ఎనిమిది రోజులకు మించి బహిష్టు సాగుతుంది. క్రమేపీ రక్తస్రావం తగ్గి, సంవత్సరం గడిచేసరికి సుమారు సగం మందికి బహిష్టు పూర్తిగా ఆగిపోతుంది. అమెరికాలో మందుతోపాటు ఇచ్చే అధికారిక సమాచారం ప్రకారం ఏడాదికి 55 శాతం మందిలో, రెండేళ్ళకు 68 శాతం మందిలో బహిష్టు నిలిచిపోయింది.

వైద్యుల దృష్టిలో ఇది ప్రమాదకరమైన మార్పు కాదు. గర్భాశయపు లోపలి పొర నెలనెలా మందంగా పెరిగి, గర్భం రానప్పుడు రాలిపడటమే బహిష్టు. మందు వల్ల ఆ పొర పెరగనే పెరగదు కనుక రాలవలసినదీ ఉండదు. నెలసరి రాకుంటే 'చెడు రక్తం' కడుపులో పేరుకుపోతుందన్న నమ్మకం మన పల్లెలలో గాఢంగా ఉన్నది. పేరుకుపోవడానికి లోపల ఏమీ లేదని ఒక్క వాక్యంలో చెబితే ఆ భయం చాలావరకు తీరుతుంది. రక్తహీనత విస్తారంగా ఉన్న మన దేశంలో బహిష్టు రక్తస్రావం తగ్గడం ఆరోగ్యరీత్యా మేలు చేసే అంశం కూడా.

అయినప్పటికీ, వైద్యులు 'చిన్న విషయం' అనే దానిని ఇంటి పరిస్థితులలో పెట్టి చూడవలసి ఉన్నది. బహిష్టు రోజులలో వంటింటికి, పూజకు, శుభకార్యాలకు దూరంగా ఉంచే ఆచారం నేటికీ చాలా కుటుంబాలలో ఉన్నది. నెలకు మూడు, నాలుగు రోజుల లెక్క పోయి, ఎప్పుడు మరక కనిపిస్తుందో తెలియని స్థితి వచ్చినప్పుడు అటువంటి ఇంటి కోడలు పడే అవస్థ ఏ వైద్య పట్టికలోనూ నమోదు కాదు. పొలంలో, భవన నిర్మాణ పనులలో రోజంతా నిలబడే మహిళకు గుడ్డ మార్చుకునే చోటు ఉండదు. ఇక బహిష్టు ఆగిపోయిన మహిళ గర్భం వచ్చిందేమోనని ప్రతి నెలా కలత పడుతుంది. భర్తకు తెలియకుండా సూది వేయించుకున్నవారికి ఈ మార్పే గుట్టు రట్టు చేస్తుంది.

మందును మధ్యలో మానివేసేవారిలో ఎక్కువమంది చెప్పే కారణం ఇదే. అమెరికా అంచనాలలో మొదటి సూది తీసుకున్న ప్రతి నూరుగురిలో ఏడాది తర్వాత కొనసాగుతున్నవారు 56 మంది. రక్తస్రావంలో మార్పులు వస్తాయని ముందుగా వివరంగా చెప్పినచోట కొనసాగేవారి సంఖ్య ఎక్కువగా ఉంటుందని వివిధ దేశాల అనుభవం చెబుతున్నది. అధిక రక్తస్రావమైనప్పుడు స్వల్పకాలం వాడే మందులు వైద్యుల వద్ద ఉన్నాయి. రక్తస్రావం మరీ ఎక్కువైనా, చాలాకాలం సజావుగా ఉండి హఠాత్తుగా మొదలైనా వేరే వ్యాధి ఏదైనా ఉన్నదేమో పరీక్షించాలి. "సూది వల్లనేలే" అని సరిపెట్టడం తగదు.

తక్కిన ప్రభావాలు

బరువు పెరగడం రెండవ ఫిర్యాదు. సగటున ఏడాదికి ఒకటి, రెండు కిలోలు పెరుగుతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ కరదీపిక పేర్కొంటున్నది. అందరూ పెరగరు, కొందరు ఎక్కువగానే పెరుగుతారు. తలనొప్పి, తల తిరగడం, కడుపు ఉబ్బరం, చిరాకు, దాంపత్య వాంఛ తగ్గడం వంటివి కొందరిలో కనిపిస్తాయి. నోటి మాత్రలైతే పడనప్పుడు మరునాడే ఆపవచ్చును. సూదిమందు ఒకసారి ఒంట్లోకి వెళ్ళాక దాని ప్రభావం తీరేవరకు వేచి ఉండక తప్పదు. ఈ ఒక్క వ్యత్యాసాన్నైనా ముందుగా చెప్పకపోవడం మోసం కిందకే వస్తుందని అనాలి.

సంతాన సామర్థ్యం తిరిగి రావడంలో జాప్యం ఉన్నది. చివరి సూది తర్వాత గర్భం రావడానికి సగటున పది నెలలు పడుతుంది. ఇతర తాత్కాలిక పద్ధతులు మానినవారితో పోలిస్తే ఇది సుమారు నాలుగు నెలలు ఎక్కువ. కొందరికి ఏడాదిన్నర వరకు పట్టవచ్చును. శాశ్వత వంధ్యత్వం మాత్రం కలగదు. ఈ రెండు వాక్యాలను కలిపి చదవకపోవడం వల్ల వచ్చిన అనర్థాలు లేకపోలేదు. కొన్నేళ్ళ క్రితం ఒక స్థానిక పత్రికలో "పిల్లలు పుట్టనివ్వని సూది" అనే శీర్షిక వచ్చింది. లోపల వార్తలో ఉన్నది జాప్యం సంగతే. శీర్షిక చదివినవారు మానుకున్నారు; వార్త పూర్తిగా చదివినవారు ఎందరో తెలియదు. అదే సమయంలో ఏడాదిలోపు బిడ్డను కోరుకునే నవదంపతులకు ఈ సూదిమందును అంటగట్టడం కూడా సరికాదు. రెండు, మూడేళ్ళ ఎడం కావాలనుకునే ఒక బిడ్డ తల్లికి ఇది తగిన పద్ధతి.

ఎముకల సాంద్రత తగ్గడంపై అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2004 నవంబరులో మందు పెట్టెపై తీవ్రస్థాయి హెచ్చరిక ముద్రించవలసిందిగా ఆదేశించింది. ఐదేళ్ళు వాడిన మహిళలలో సగటున 5 నుంచి 6 శాతం సాంద్రత తగ్గినట్లు అధ్యయనాలలో తేలింది. మానిన తర్వాత చాలావరకు తిరిగి పుంజుకుంటుంది. ఎముకలు గట్టిపడే వయసులో ఉన్న కౌమార బాలికల విషయంలో, రుతువిరతికి చేరువైన వారి విషయంలో జాగ్రత్త అవసరమన్నది సారాంశం. 18 నుంచి 45 ఏళ్ళ మధ్య వయస్కులకు ఈ కారణంగా ఎటువంటి పరిమితీ అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్నది.

క్యాన్సర్ ప్రశ్న ఈ మందుకు మొదటి నుంచీ నీడలా వెంట ఉన్నది. బీగిల్ జాతి కుక్కలలో రొమ్ము కణితులు కనిపించడం ప్రధాన కారణాలలో ఒకటిగా 1978లో అమెరికా ప్రభుత్వం దీనికి అనుమతి నిరాకరించింది. ఆ జాతి కుక్కల శరీర ధర్మం మనుషులకు వర్తించదని తర్వాత తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో పలు దేశాలలో జరిగిన పరిశోధనల ఫలితాలు 1991లో వెలువడ్డాయి. మొత్తం మీద రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరగలేదని, ఇటీవలే వాడకం మొదలుపెట్టిన చిన్న వయసువారిలో మాత్రం స్వల్పంగా ఎక్కువ కనిపించిందని ఆ ఫలితాల సారాంశం. గర్భాశయపు లోపలి పొర క్యాన్సర్ నుంచి ఈ మందు రక్షణ కల్పిస్తుందని కూడా వెల్లడైంది. 1992 అక్టోబరులో అమెరికా అనుమతి లభించింది. రొమ్ము క్యాన్సర్ ఉన్నవారికి దీనిని ఇవ్వనే ఇవ్వరాదు.

మెదడు పైపొరల్లో వచ్చే మెనింజియోమా అనే కణితిపై 2024 మార్చిలో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫ్రాన్సు పరిశోధకుల అధ్యయనం వెలువడింది. ఏడాదికి మించి ఈ సూదిమందు వాడినవారిలో, శస్త్రచికిత్స అవసరమైన మెనింజియోమా వచ్చే అవకాశం 5.55 రెట్లు ఉన్నట్లు అందులో పేర్కొన్నారు. ఐదు రెట్లు అనగానే గుండె గుభేలుమంటుంది. అదే పట్టికలో మరొక అంకె ఉన్నది: శస్త్రచికిత్స జరిగిన 18,061 మంది రోగులలో ఈ మందు వాడినవారు 9 మంది. ఫ్రాన్సులో ఈ మందు వాడకం స్వల్పం కనుక రోగుల సంఖ్యా స్వల్పమే. ఈ అంకె ముప్పు లేదని చెప్పడం లేదు. మెనింజియోమా ఉన్నవారు, గతంలో వచ్చినవారు ఈ మందుకు దూరంగా ఉండాలి. దీర్ఘకాలం వాడేవారిలో ఎడతెగని తలనొప్పి, చూపులో మార్పు వస్తే పరీక్షించాలి. కాని వార్త రాసేటప్పుడు 'ఎన్ని రెట్లు' అన్న అంకె పక్కన 'ఎందరిలో ఎందరికి' అన్న అంకె కూడా ఉంటే పాఠకునికి న్యాయం జరుగుతుంది.

హెచ్.ఐ.వి. సోకే అవకాశాన్ని ఈ మందు పెంచుతుందా అనే సందేహం ఆఫ్రికా దేశాలను చాలాకాలం కలవరపెట్టింది. ప్రపంచవ్యాప్తంగా 2019 నాటికి సుమారు 7 కోట్ల 40 లక్షల మంది గర్భనిరోధక సూదిమందులు వాడుతుండగా, ఆఫ్రికాలో సహారా ఎడారికి దిగువనున్న దేశాలలో ఈ పద్ధతికి ఆదరణ అధికం. అందుచేత అది ప్రాణాలతో ముడిపడిన ప్రశ్న. దక్షిణాఫ్రికా, కెన్యా, జాంబియా, ఎస్వాతినీ దేశాలలో 7,829 మంది మహిళలపై జరిపిన ఎకో పరిశోధన ఫలితాలు 2019లో వచ్చాయి. సూదిమందు, కాపర్-టి, చేతిలో అమర్చే ఇంప్లాంటు వాడినవారి మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. అయితే అధ్యయన కాలంలో 397 మందికి హెచ్.ఐ.వి. సోకింది. గర్భనిరోధక సేవలకు వచ్చిన మహిళలకు నిరోధ్ గురించి, సుఖవ్యాధుల గురించి చెప్పకుండా పంపరాదని ఆ అంకె గుర్తు చేస్తున్నది. ఈ సూదిమందు వల్ల లైంగిక వ్యాధుల నుంచి ఎటువంటి రక్షణా లేదు.

పటాన్‌చెరు ఉదంతం

గర్భనిరోధక సూదిమందులపై మన దేశంలో జరిగిన సుదీర్ఘ వివాదానికి మూలం తెలుగు నేలపైనే ఉన్నది. 1985లో అప్పటి మెదక్ జిల్లా, నేటి తెలంగాణ రాష్ట్రం సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నోరెథిస్టిరాన్ ఎనాంథేట్ పరీక్షల కోసం మహిళలను సమీకరించారు. భారత వైద్య పరిశోధన మండలి ఆ మందుపై అప్పట్లో దేశంలో పరీక్షలు నిర్వహిస్తున్నది. అక్కడికి వెళ్ళిన హైదరాబాదు స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు, ఇది ఇంకా పరీక్ష దశలో ఉన్న మందని గాని, దాని దుష్ప్రభావాలు ఇవి అని గాని ఆ పేద మహిళలకు చెప్పలేదని అభ్యంతరం తెలిపారు. 1986లో స్త్రీశక్తి సంఘటన, ఢిల్లీకి చెందిన సహేలీ తదితరులు సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలు చేశారు.

ఆ వ్యాజ్యం 2000 సంవత్సరం దాకా నడిచింది. ఆ మందును కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో పెద్దయెత్తున ప్రవేశపెట్టే ఉద్దేశం లేదని, తగిన సలహా, పర్యవేక్షణ సదుపాయాలు ఉన్నచోట మాత్రమే వాడకం ఉండగలదని కేంద్రం తెలియజేయడంతో అది ముగిసింది. ఈలోగా 1993లో డి.ఎం.పి.ఎ.కు ఔషధ నియంత్రణాధికారి అనుమతి లభించి, ప్రైవేటు రంగంలో అమ్మకాలు మొదలయ్యాయి. ప్రభుత్వ కార్యక్రమంలోకి రావడానికి మరి రెండు దశాబ్దాలకు పైగా పట్టింది. మహిళా సంఘాల అభ్యంతరాలు 2017 నాటికీ పూర్తిగా సమసిపోలేదు.

ఈ ఉదంతాన్ని కొందరు అధికారులు 'ఆటంకం'గా వర్ణించడం వినికిడి. ఆనాటి వాదనలలోని శాస్త్రీయ భయాలు కొన్ని తర్వాత నిలవలేదన్నది వాస్తవం. కాని పటాన్‌చెరులో అడిగిన మూల ప్రశ్న మందును గురించినది కాదు, చెప్పి వేశారా అన్నది. నేడు 'అంతర' మార్గదర్శకాలలో ముందస్తు సలహా, వైద్యాధికారి పరీక్ష, లబ్ధిదారు సమ్మతి, కార్డు, తదుపరి పర్యవేక్షణ అనే అంశాలు ఉన్నాయంటే అందులో ఆ ప్రశ్న పాత్ర తక్కువేమీ కాదు.

తెలుగు రాష్ట్రాలలో దీని అవసరం

అధిక సంతానోత్పత్తి రేటు గల ఉత్తరప్రదేశ్, బీహార్ మొదలైన ఏడు రాష్ట్రాలలోని 146 జిల్లాలను మిషన్ పరివార్ వికాస్ కింద ఎంపిక చేసినప్పుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆ జాబితాలో లేవు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం 2019-21లో సగటు సంతానోత్పత్తి రేటు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా తగ్గించడానికి ఇక్కడ కొత్త సాధనం అక్కరలేదు. అయితే అదే సర్వేలో మరొక సంగతి కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత మహిళలలో 69.6 శాతం, తెలంగాణలో 61.9 శాతం శస్త్రచికిత్స చేయించుకున్నవారే. దేశ సగటు 37.9 శాతం. తాత్కాలిక పద్ధతుల వాడకం మన వద్ద నామమాత్రం. సూదిమందు వాడకం దేశం మొత్తం మీదనే ఒక్క శాతం లేదు.

పెళ్ళి, వెంటవెంటనే రెండు కాన్పులు, ఇరవై ఐదేళ్ళు నిండకముందే ఆపరేషన్. తెలుగింటి ఆడపిల్ల జీవితం చాలాచోట్ల ఈ వరుసలోనే సాగిపోతున్నది. మొదటి కాన్పు బలహీనత తీరకముందే రెండవది రావడం తల్లికీ, బిడ్డకూ చేటు. ఇక్కడ సూదిమందు ప్రయోజనం సంఖ్యను తగ్గించడంలో లేదు, కాన్పుల నడుమ ఊపిరి తీసుకునే వ్యవధి కల్పించడంలో ఉన్నది. కనుక జిల్లాలకు లక్ష్యాలు నిర్దేశించి సూదులు లెక్కపెట్టే ధోరణి ఈ పద్ధతికి సరిపడదు. మొదటి సూదుల సంఖ్య పెద్దదిగా, రెండవ సూదుల సంఖ్య చిన్నదిగా కనిపించే నివేదిక ఏదైనా వస్తే, అది సాధించిన ప్రగతికి కాక, చెప్పవలసినది చెప్పలేదనడానికి ఆధారంగా చూడాలి. పాత్రికేయ మిత్రులు జిల్లా అధికారులను అడగదగిన అంకె కూడా అదే: మొదటి సూది ఎందరికి, రెండవది ఎందరికి, నాలుగవది ఎందరికి?

ఎవరికి తగదు

రొమ్ము క్యాన్సర్ ఉన్నవారు, గతంలో వచ్చినవారు. కారణం తెలియని రక్తస్రావం ఉన్నవారు (కారణం తేలేవరకు). పక్షవాతం, గుండె రక్తనాళాల వ్యాధి వచ్చినవారు. రక్తపోటు 160/100 లేదా అంతకు మించి ఉన్నవారు. మధుమేహం వల్ల కళ్ళు, మూత్రపిండాలు, నరాలు దెబ్బతిన్నవారు లేదా ఇరవై ఏళ్ళకు పైగా మధుమేహం ఉన్నవారు. తీవ్రమైన కాలేయ వ్యాధి, కాలేయ కణితులు ఉన్నవారు. ఆరు వారాలలోపు బిడ్డకు పాలిస్తున్న బాలింతలు ఈ మందును తీసుకోరాదు, లేదా వైద్యుని ప్రత్యేక నిర్ణయంపైనే తీసుకోవాలి. మొదటి సూదికి ముందు వైద్యాధికారి పరీక్ష తప్పనిసరి కావడానికి కారణమిదే. తర్వాతి సూదులను శిక్షణ పొందిన నర్సు, ఏ.ఎన్.ఎం. వేయవచ్చును.

తెలియక గర్భంతో ఉన్నప్పుడు సూది పడినచో పిండానికి హాని జరిగినట్లు ఆధారాలు లేవు. ఆ కారణం చూపి గర్భస్రావానికి ఒత్తిడి చేయరాదు. తీవ్రమైన కడుపునొప్పి, ఎడతెగని అధిక రక్తస్రావం, భరించరాని తలనొప్పి, చూపు మసకబారడం, కళ్ళు పచ్చబడటం, సూది వేసిన చోట చీము పట్టడం వంటి లక్షణాలు కనిపిస్తే తదుపరి తేదీ కోసం వేచి ఉండకుండా వెంటనే సమీప ఆసుపత్రికి రావలసిందిగా మహిళకు చెప్పాలి. అక్షరం రాని వారికి కార్డుపైన తేదీ రాస్తే సరిపోదు. ఆ తేదీ ఏ పండుగకు ముందో, ఏ పంట కోతల నాటికో చెప్పి పంపే ఆశా కార్యకర్తలు ఉన్నారు. అలా చెప్పి పంపినవారు గుర్తుపెట్టుకొని వస్తారు.